గన్నుకు పెట్టిన బొట్టు

12-10-1986, ఆదివారం, దసరా

పొద్దున మా పనిగది అయిన కింది ఖోలీలో పనిముట్ల పూజ అయింది. కత్తెరలకు, సుత్తికి, కంప్రెసర్‌కు, అన్నిటికంటే ముందు గన్నుకు. కోడలు చంద్రమ్మ పసుపు రాసి, కుంకుమ అద్ది, చేమంతులు చుట్టిన తీరు చూస్తే అది పెట్టెలకు జిగురు కొట్టే గన్నో, పీటల మీద కూర్చోబోయే పెళ్లికూతురో తేల్చుకోవడం కష్టం. నా కలానికి కూడా ఒక బొట్టు పెట్టింది కోడలు. వద్దనలేదు. మునిసిపల్ బడిలో ఇన్నేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన కలం. దానికీ ఒక పండుగ ఉండాలి.

గన్ను ఆయనది. డైరీలో కూడా ‘ఆయన’ ఏమిటి, వినేదెవరు? బక్కయ్యది. చోర్‌బజార్‌లో పాత ఇనుము కింద పడి ఉంటే ఏరుకొచ్చాడు. విప్పడం తనూ, బిగించడం నేనూ. తను బిగిస్తే ఎప్పుడూ ఒక వాషర్ మిగిలిపోయేది. బక్కయ్య పోయినప్పుడు గన్నును పసుపుగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. సంవత్సరీకం అయ్యాకే కొబ్బరికాయ కొట్టి కొడుకు శంకర్రావు చేతికిచ్చాను. మా ఇళ్లలో పనిముట్టు చెయ్యి మారడమంటే అంతే, మనిషి పోవాలి. ఆడవాళ్లం కడుగుతాం, తుడుస్తాం, బాగుచేస్తాం. ట్రిగ్గర్ మాత్రం ఒక్క చేతిదే.

సాయంత్రం రత్నాబాయి వచ్చింది. ఫాక్‌లాండ్ రోడ్డులో హార్మోనియంల దుకాణం ఆమెది. హార్మోనియంలు పెట్టుకోవడానికి మేం చేసే పెట్టెలన్నీ ఆమెకే. జమ్మాకు బంగారమని నా చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, లేస్తూ లేస్తూనే అంది:

“టీచర్‌బాయి, పోయినసారి మఖ్మల్ మీద డాగులు పడ్డయి. గిరాకీ పెట్టె తెరుస్తనే గదే చూస్తడు. శంకర్రావు నా తమ్ముని లెక్క. గానీ దివాళీ పెట్టెలల్ల గిట్ల మళ్ల డాగు కనబడ్డదనుకో, గన్ను పని వేరేటోని చేతికిస్త. మీరు కటింగ్ జేసుకోండ్రి.”

పండుగపూట ఇంత తియ్యగా బెదిరించగలవాళ్లు ఈ గల్లీలో ఇంకొకరు లేరు. శంకర్రావు వింటూనే ఉన్నాడు.

13-10, సోమవారం

పండుగ మరునాడే గన్ను మొండికేసింది. జిగురు విసనకర్రలా సమంగా విచ్చుకోవలసింది, నెలవంకలా ఒక పక్కకు వంగి పడుతోంది. శంకర్రావు దాన్ని బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. నాకు పిలుపు వచ్చింది.

దీనికొక పరీక్ష ఉంది. గన్ను ముక్కు మీద ఇత్తడి టోపీ ఉంటుంది. దాని రెండు కొమ్ములకూ సన్నటి రంధ్రాలు. వాటిలోంచి వచ్చే గాలి జిగురును రెండు పక్కల నుంచీ నొక్కి విసనకర్ర చేస్తుంది. టోపీని సగం చుట్టు తిప్పి, పాత పేపరు మీద మళ్లీ కొట్టాలి. వంపు కూడా తిరిగిందా, తప్పు టోపీది. తిరగలేదా, తప్పు లోపలి నాజిల్‌ది. ఇంత న్యాయమైన పరీక్ష పిల్లలకు నేను ఒక్కనాడూ పెట్టలేకపోయాను.

వంపు తిరిగింది. టోపీ విప్పి వెలుతురుకు పట్టి చూస్తే ఒక కొమ్ము నిండా కుంకుమ. నిన్నటి భక్తి. చీపురుపుల్లను థిన్నర్‌లో ముంచి తీసేశాను. తీగ పెట్టి పొడవకూడదు. తీగ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, ఆ తరువాత ఆ వంపు జన్మలో పోదు. బొట్టు పిడికి పెట్టు తల్లీ, ముక్కుకు పెడితే పూజ అందుకునేది కూడా ఊపిరాడక చస్తుంది అని చంద్రమ్మకు చెప్పాను. తల వంచుకుంది.

శంకర్రావు నవ్వాడు. వానలు మొదలైనప్పటి నుంచీ ఇంట్లో ఆ నవ్వు వినలేదు.

“చూసినవా అవ్వా. తప్పు గన్నుదే. గిన్నొద్దులు ఊకె నన్నంటున్రు.”

నేను కూడా నవ్వాను.

14-10

కొమ్ములు శుభ్రం. వంపు లేదు. మచ్చలు ఉన్నాయి. తప్పు ఇంకెక్కడో ఉంది.

16-10, గురువారం

గన్ను ఉమ్ముతోంది. దగ్గు వచ్చిన ముసలివాడిలా ఆగి ఆగి కొడుతోంది. సూది చుట్టూ ఉండే తోలు వాషర్ ఎండిపోతే సందులోంచి గాలి దూరి ఇలాగే చేస్తుంది. గన్నును రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టవద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. థిన్నర్ జిగురునే కాదు, తోలులో ఉన్న తడినీ తాగేస్తుంది. గన్నుకున్న జిగురు గిన్నె ఖాళీ చేసి, కొంచెం థిన్నర్ పోసి, తెల్లగా వచ్చేదాకా కొట్టించి, టోపీ ఒక్కటే విప్పి కడిగితే చాలు. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేశాను. దగ్గు తగ్గింది.

మచ్చలు తగ్గలేదు.

ఈ పెట్టెలతో వచ్చిన చిక్కే అది. బయట రెగ్జిన్, ఎంత మందంగా కొట్టినా కప్పుకుంటుంది. లోపల ఎర్ర మఖ్మల్. జిగురు మంచులా పడాలి. ఒక్కచోట ఎక్కువ పడితే గుడ్డలోంచి పైకి ఊరి నల్లగా గట్టిపడుతుంది. బక్కయ్య చెప్పేవాడు, చెయ్యి ఆగకూడదు, ఆగిన చోట మడుగు అని. శంకర్రావుకు ఇది చెప్పవలసిన పని లేదు. తండ్రిని మించిన చెయ్యి.

చాయ్ గ్లాసు జారవిడిచాడు. చంద్రమ్మ మరీ నిండుగా పోస్తుంది. ఇకమీదట సగమే పొయ్యమన్నాను.

17-10

శంకర్రావు గుండీల చొక్కాలు మానేశాడు. బనీనుతోనే తిరుగుతున్నాడు. అక్టోబరు ఎండ మరి.

19-10, ఆదివారం

ఇవాళ జిగురు సాలెగూడులా దారాలు దారాలుగా వచ్చింది. డబ్బా మూత సరిగ్గా వెయ్యక థిన్నర్ ఎగిరిపోయి చిక్కబడింది. థిన్నర్ కలిపి, పాత పంచెగుడ్డలో వడగట్టి పోశాం. కంప్రెసర్ అడుగున చిన్న కుళాయి తిప్పితే ఎర్రటి తుప్పునీళ్లు బుడబుడమని వచ్చాయి. గాలితోపాటు నీళ్లు కూడా పోతుంటే జిగురు అంటుకుంటుందా? రోజూ పొద్దున్నే ఆ కుళాయి తిప్పాలని పలక మీద రాసి గోడకు తగిలించాను. ఎంతైనా పంతులమ్మ ఇల్లు.

ఇలా ఒక్కొక్క తప్పూ దొరుకుతోంది. దొరకడం మంచిదే. దొరికిన తప్పు దిద్దుకుంటుంది.

మనవరాలు ముక్కు మూసుకుని మెట్లు దిగింది. ఇంట్లో పోచమ్మ, కాలేజీలో పూజ. దేవత పేరే కదా అంటే, ఆ దేవత అప్లికేషన్ ఫారం నింపదు కదా ఆజీ అంటుంది. నానమ్మనైన నాతో మాట్లాడేది కూడా హిందీలోనే. కింది ఖోలీలో వాసన తల పగలగొడుతోంది, పప్పాకు తెలియడం లేదా అని అడిగింది. శంకర్రావుకు ఇప్పుడు ఏ వాసనా తెలియదు. మొన్న పప్పు మాడిపోతుంటే పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. పేపరు మీద అంత శ్రద్ధ చిన్నప్పుడు పుస్తకాల మీద ఉంటే ఎంతో బాగుండేది.

21-10, మంగళవారం

ఫోరస్ రోడ్డు బుచ్చయ్యను పిలిపించాను. కంప్రెసర్లు, గన్నులు బాగుచేయడంలో ఈ చుట్టుపక్కల అతని తరువాతే ఎవరైనా. మూడో తరగతిలో నా దగ్గర గుణింతాలు రాక గోడకుర్చీ వేసినవాడు. గన్నును విప్పాడు, ఊదాడు, సూదిని గోటి మీద దొర్లించాడు, మళ్లీ బిగించి తనే పేపరు మీద ఒక వరస కొట్టాడు.

“గన్ను మంచిగనే ఉన్నది బాయీ. దీనికేం రోగం లేదు.”

నీ కళ్లకే రోగం వచ్చినట్టుంది, సూది అరిగింది చూడు అన్నాను. అరగలేదన్నాడు. అయినా కొత్తది వేయమన్నాను. గురువు మాట కాబట్టి వేశాడు. వెళ్తూ గన్నును శంకర్రావు చేతికిచ్చాడు. అది బల్లకు తగిలి టకటకమంది. బుచ్చయ్య ఆ చేతి వంక కాసేపు చూసి, అన్నా, పొద్దుమాపు జర చౌపాటీ దాక గాలికి పోయిరారాదు అన్నాడు. గన్ను చూడమని పిలిస్తే గాలికి పొమ్మనే రకం.

22-10

కొత్త సూది. పాత మచ్చ.

చంద్రమ్మ బయట ఉంది. ఈ నాలుగు రోజులూ వంట నాది, అందువల్ల ఇంట్లో అందరికీ ఆకలి తక్కువ.

24-10, శుక్రవారం

వంపు మళ్లీ వచ్చింది. టోపీ తిప్పాను, వంపు తిరిగింది. విప్పి చూశాను.

కుంకుమ.

చంద్రమ్మ బయట ఉన్నప్పుడు కింది ఖోలీ గడప తొక్కదు. అక్కడ గూట్లో పోచమ్మ పటం, ముందు కుంకుమభరిణె. దాని దరిదాపులకు కూడా పోదు. పోచమ్మ, అదే మా పూజ, బొట్టుకు కూడా స్టిక్కర్ అంటిస్తుంది. నేను బొట్టు మానేసి ఎన్నేళ్లయిందో.

శంకర్రావు కుడి చూపుడువేలి గోటి కింద ఎర్రగా ఉంది. మఖ్మల్ రంగు దిగుతుంది. ఎర్ర మఖ్మల్ రంగు ఎప్పుడూ దిగుతుంది.

చీపురుపుల్లతో శుభ్రం చేశాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

25-10

పోచమ్మ కాలేజీకి పోతూ చెప్పులు వేసుకుంటూ, వానాకాలం పోయింది కదా అన్నట్టు మామూలుగా అంది: “ఆజీ, పప్పాకా హాత్ కాంప్‌తా హై. కిసీకో దిఖ్తా నహీ క్యా?”

చెయ్యి వణుకుతోందట. ఎవరికీ కనిపించడం లేదా అట.

హిందీలో మాటలు ఎంత సులువుగా వస్తాయో వీళ్లకు. బస్సు పోతుంది నడువు అన్నాను.

26-10, ఆదివారం

రత్నాబాయి చెప్పకుండా వచ్చింది. తన కళ్లముందు ఒక పెట్టెకు కొట్టి చూపించమంది. శంకర్రావు గన్ను తీసుకున్నాడు, అటు తిరిగి గిన్నెలో జిగురు పోశాడు, గూటి దగ్గర కాసేపు నిలబడి దండం పెట్టుకున్నాడు. మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు.

కొట్టాడు. వంపు.

“జూడు రత్నక్కా. గన్ను గిట్ల సతాయిస్తున్నది. నేనేం జెయ్యాలె?”

రత్నాబాయి నా మొహం చూసింది. ఆమెకు నా మాట మీద గురి. నేను లేచి, కళ్లద్దాలు పెట్టుకుని, బోర్డు ముందు నిలబడినట్టు నిలబడి పరీక్ష చూపించాను. టోపీ సగం చుట్టు తిప్పాను. కొట్టమన్నాను. వంపు అటు నుంచి ఇటు తిరిగింది. చూశావా, తప్పు టోపీది అన్నాను. ఆమెకు నచ్చింది. శాస్త్రం కళ్లకు కనిపిస్తే ఎవరికైనా నచ్చుతుంది.

“అయితే జల్ది దురుస్త్ జేసుకోండ్రి. దివాళీ పొద్దుగాల వస్త. డాగు లేని పెట్టెలు ఉంటే తీస్కపోత, లేకుంటే మఖ్మల్ వాపస్ తీస్కపోత. నాకు గుస్సా లేదు టీచర్‌బాయి, నా గిరాకీకి ఉంటది.”

నేను అబద్ధం చెప్పలేదు. టోపీ తిరిగింది, వంపు తిరిగింది. అంతవరకూ నిజమే.

ఆమె పోయాక టోపీ విప్పి కడిగాను. శంకర్రావు చూస్తూ నిలబడ్డాడు. రేపటి నుంచి బాగా కొడుతుందిలే అన్నాను. వాడు ఖోలీ బయటికి పోయి గోడ వైపు తిరిగి బీడీ వెలిగించాడు. అగ్గిపుల్ల ఒకటి ఆరింది. ఇంకొకటి ఆరింది. గాలి లేదు.

27-10

కొమ్ములు శుభ్రం, తోలు తడిగా ఉంది, జిగురు పల్చన, కంప్రెసర్‌లో చుక్క నీరు లేదు, సూది కొత్తది.

పెట్టె నిండా మడుగులు. చంద్రమ్మ మఖ్మల్ ఊడదీసి, కత్తితో గీకి, ఏమీ జరగనట్టు మళ్లీ కోసి ఇచ్చింది.

28-10, మంగళవారం

టోపీ తిప్పాం. నాజిల్ విప్పాం. సూది మార్చాం. పరీక్ష అంటూ పెట్టాక మధ్యలో ఆపే పంతులమ్మను కాను. తిప్పి చూడనిది ఒక్కటే మిగిలింది.

శంకర్రావు రెగ్జిన్ తేవడానికి పోయాడు. చంద్రమ్మను కిందికి పిలిచి, గన్ను పట్టుకో, నేను టోపీ తిప్పుతాను, నువ్వు ఊరికే ట్రిగ్గర్ నొక్కు అన్నాను. అడుగు వెనక్కి వేసింది.

“అత్తమ్మా, ఆయన చెయ్యి ఉండంగ నేను ముట్టుడేంది? ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు? నా నోట్లె మన్నువడ.”

కడగడానికి ముట్టుకోవా రోజూ అన్నాను. అది వేరన్నది. ఇదీ కడగడమే, టోపీకి పరీక్ష అన్నాను. ఎంత చెప్పినా వినకపోతే పంతులమ్మ గొంతు తీశాను. ఆ గొంతుకు ఇప్పటికీ ఈ చాల్ గదుల్లో సగం మంది లేచి నిలబడతారు.

పాత పేపర్లు గోడకు అంటించాను. నొక్కింది. మొదట ఉలిక్కిపడింది. తరువాత చెయ్యి దానంతట అదే కదిలింది, గోడకు ఒకే దూరంలో, ఒకే నడకలో, అంచు దాటాక వదిలి, మళ్లీ అంచు ముందు అందుకుని. పొద్దున్నే వాకిట్లో ముగ్గుపిండి వదిలే చెయ్యి అది. ఇన్నేళ్లుగా పక్కన కూర్చుని కత్తిరిస్తూ కంటితో నేర్చుకున్నట్టుంది.

పేపరు మీద జిగురు మంచులా పడింది. ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క మడుగు లేదు.

ఇద్దరమూ ఆ పేపరు వంక చూస్తూ నిలబడ్డాం. ఏడ్చింది చంద్రమ్మ. బాగా వచ్చినందుకు ఏడ్చేవాళ్లను నేను మొదటిసారి చూశాను. పేపర్లు పీకి పొయ్యిలో పెడతానంటే ఆపాను. ఆ జిగురు పొయ్యిలో పడితే చాల్‌కంతా ముందే దివాళీ. గోనెసంచుల వెనక దోపింది.

నా పరీక్ష అయిపోయింది. జవాబు నాకు ముందే తెలుసు. తెలిసిన జవాబుకు ఇంత పొడుగు పరీక్ష ఎందుకు పెట్టానో.

29-10, బుధవారం

గోనెసంచులు జరిపింది ఎవరు? శంకర్రావే. రెగ్జిన్ పెట్టడానికి.

నేను కిందికి పోయేసరికి పేపరు మోకాళ్ల మీద పరుచుకుని కూర్చున్నాడు.

“ఎవలు కొట్టిన్రవ్వా ఇది?”

గన్ను కొట్టింది అన్నాను.

“గన్ను నాకు గిట్ల కొడతలేదు.”

చేతిని ముందుకు చాచి చూపించాడు. వేళ్లు, గాలికి ఆకు కదిలినట్టు కాదు, లోపలెక్కడో కంప్రెసర్ నడుస్తున్నట్టు కదులుతున్నాయి. వానలు పడ్డప్పటి నుంచీ వేలి కొసలకు స్పర్శ తెలియడం లేదట. ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కాడో, ఎప్పుడు వదిలాడో చప్పుడు విని తెలుసుకుంటున్నాడట. దసరా మరునాడు టోపీలో కుంకుమ దొరికితే బతికిపోయాననుకున్నాడట.

“తర్వాత నేనే వెట్టిన. అగ్గిపుల్లతోని. నీకు ఎర్కనే గద.”

ఎరుకే అన్నాను. అబద్ధమాడటానికి ఓపిక లేదు.

“తప్పు గన్నుదయితే సూది మార్చొచ్చు, వాషర్ ఎయ్యొచ్చు. నాదయితే ఏం మారుస్తరే అవ్వా?”

పక్కన కూర్చుని ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నదే. అప్పుడు కూడా ఆగేది కాదు, కాకపోతే అది ఆటల తొందర.

30-10, గురువారం

డిస్పెన్సరీకి తీసుకుపోయాను. కుర్ర డాక్టరు. శంకర్రావును కళ్లు మూసుకోమని వేళ్ల మీద సూదికొసతో తాకుతూ, తెలుస్తోందా, తెలుస్తోందా అని అడిగాడు. మా టోపీ పరీక్ష లాంటిదే. ఏం పని అని అడిగి, విని, పెన్ను కింద పెట్టాడు. ఆ జిగురు, థిన్నర్ వాసన ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయి నరాలను తింటోందట. వాసనకు దూరంగా, గాలి తగిలే చోట ఉంటే మెల్లగా కొంత తిరిగి రావచ్చట. అంతా వస్తుందని చెప్పలేదు. అబద్ధం చెప్పనందుకు వాడికి మనసులో మార్కులు వేశాను.

అడగవలసింది ఇంకొకటి ఉంది, అడిగాను. మరి ఆ గన్ను ఇంకొకరు పడితే? తలుపులు మూసిన గదిలో అయితే వాళ్లకూ ఇదే అన్నాడు. బయట గాలిలో, గాలికి వీపు పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, రోజుకు కొంచెమే అయితే నయమన్నాడు.

అందుకే ఇంటికి రాగానే మొదట కంప్రెసర్‌ను గదిలోంచి గెంటించాను. చాల్ వెనక ఖాళీ జాగాలో, నల్లాకు అవతల, తడికె కట్టించాను. వాసన వస్తుందని పై గదుల వాళ్లు గొణిగారు. గదిలో మూసిపెడితే మీకు రాదు, మావాడి ఒంట్లోకి పోతుంది, ఏది కావాలో చెప్పమన్నాను.

మిగిలింది గన్ను.

చంద్రమ్మ పట్టనంటుంది. బతికున్నవాడి గన్ను పట్టడమంటే బతికుండగానే అతనికి కొబ్బరికాయ కొట్టడమే అని ఆమె బాధ. శంకర్రావు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మొహం మాడ్చుకుని. పొద్దున్నే, ఇగ నేను బయట కూసోని చెప్పులకు కావలి ఉంట అని ఆమెను ఒక మాట అన్నాడు. అది కూడా గుచ్చుకుని ఉంది.

నేను చెప్పవలసింది చెప్పాను. నేను రిటైరైన రోజున హెడ్మాస్టరు నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, నా ఎదుటే కొత్త పంతులమ్మకు ఇచ్చాడు. నేను చచ్చిపోలేదు. వాళ్లు పంచిన పేడా మిఠాయి తిన్నాను. ఈనాటికీ పింఛను తింటూ మీ అందరి ప్రాణాలూ తీస్తున్నాను. ఇందులో అశుభం ఏముందో ఎవరైనా చూపించండి అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా హాస్యానికి ఈ ఇంట్లో ఎప్పుడూ అదే గతి.

కాసేపటికి శంకర్రావు లేచాడు. గన్ను తీసుకుని, గిన్నెలో థిన్నర్ పోసి, తెల్లగా వచ్చేదాకా కొట్టాడు. టోపీ విప్పబోయాడు. మర వేళ్లకు అందలేదు. మేం చూస్తూ ఊరుకున్నాం. చివరకు విప్పాడు. తుడిచాడు. బిగించాడు. చంద్రమ్మ ముందు నిలబడ్డాడు.

“వట్టు.”

“నువ్వు ఉండంగ నేనెట్ల వట్టాలె?”

“నేనుండంగనే వట్టాలె. పోయినంక వడితే నీకు నేర్పేదెవడు? మా నాయిన పోయినంక నాకిచ్చిన్రు. అడుగుదామంటే మనిషి లేడు. రెండేండ్లు డాగులేసిన నేను.”

చంద్రమ్మ రెండు చేతులూ చీర కొంగుకు తుడుచుకుంది. పట్టుకుంది.

కొబ్బరికాయ కొట్టలేదు. పోచమ్మను పంపి పేడాలు తెప్పించాను.

31-10

రోజంతా తడికె దగ్గర పని, గన్ను మాత్రం డాక్టరు చెప్పినట్టు ఆపి ఆపి కొంచెం కొంచెమే. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని చంద్రమ్మ బందిపోటులా ఉంది. శంకర్రావు గాలికి ఎదురు పక్కన, దూరంగా, స్టూలు మీద. అక్కడ నుంచే కేకలు. మణికట్టు వంచకు, చెయ్యంత కదిలియ్యి. దగ్గరికి పోతున్నవ్. అంచు దాటినంక ఇడువు. ఆమె కూడా ఊరుకోలేదు. ఇంత మంచిగ చెప్పొస్తదని తెలిస్తే పెండ్లయిన కొత్తలనే గన్ను గుంజుకుందునని గుడ్డలోంచే గొణిగింది. వాడికి వినిపించింది. నవ్వాడు.

చప్పుడు విని చెబుతున్నాడు. చూడకుండానే. ఇన్నాళ్లూ చప్పుడుతో నెట్టుకొచ్చినవాడు కదా.

ముందు రెండు పెట్టెల్లో మచ్చలు పడ్డాయి. తరువాతి వాటిలో లేవు.

1-11-1986, శనివారం, దీపావళి

పొద్దున్నే రత్నాబాయి వచ్చింది. ఒక్కొక్క పెట్టె తెరిచి, మఖ్మల్ మీద అరచెయ్యి పెట్టి నిమిరి చూసింది. గట్టిగా ఎక్కడా తగలలేదు. మచ్చపడ్డ రెండింటినీ శంకర్రావే ఆమె అడగకముందే పక్కకు తీసి చూపించాడు.

“ఇవి నేర్చుకునేటప్పటివి రత్నక్కా. ఇగ గన్ను చంద్రమ్మది. నా చేతులకు బాగలేదు.”

అంత సులువుగా అన్నాడు. తెలుగులోనే.

రత్నాబాయి నా వంక చూసింది. ఆ రోజు నేను టోపీ తిప్పి చూపించిన శాస్త్రం ఆమెకు గుర్తున్నట్టే ఉంది. శంకర్రావు చెయ్యి చూసి, డాక్టరు ఏమన్నాడని అడిగి, పెట్టెలు బండికెత్తించింది. పోతూ చంద్రమ్మతో, “వచ్చే నెలకు ఇంకొన్ని కావాలె చంద్రమ్మా, చేస్తవా?” అంది. చంద్రమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు ఆకాశం వంక చూశాడు. చేస్తనంది.

సాయంత్రం లక్ష్మీపూజ. పనిముట్లన్నీ మళ్లీ పటం ముందుకు వచ్చాయి. చంద్రమ్మ కుంకుమభరిణె అందుకుని గన్ను వైపు వంగితే శంకర్రావు ఆపాడు. నేను వెడతా అన్నాడు. వేలు కుంకుమలో ముంచాడు. గన్నును పిడి పైకి వచ్చేట్టు తిప్పి, టోపీని గుడ్డతో కప్పాడు. అద్దాడు. వేలు ఆగలేదు. పోచమ్మ పట్టుకోబోతే నేను కళ్లతోనే ఆపాను. చాలాసేపు పట్టింది. గుండ్రంగా రాలేదు, తోకచుక్కలా ఒక పక్కకు సాగింది. వాడు దాన్ని చూసుకున్నాడు. తుడవలేదు.

జీవితమంతా వంకర అక్షరాలు దిద్దినదాన్ని. నేనూ తుడవలేదు.

పూజ అయ్యాక గన్ను కడిగే పని నాకు పడింది. కడిగాను. పిడి మీదికి ఒక్క చుక్క థిన్నర్ పోకుండా.